బుట్టకు పేరుంది, మనిషికి లేదు

రాజోలు వైపు ఒక ఊళ్ళో శాఖా గ్రంథాలయం నడపడం నా ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. పొద్దున పేపర్లు చదివే పెద్దలు, సాయంత్రం పోటీ పరీక్షల పిల్లలు వస్తారు. మధ్యాహ్నం నేనూ, పంకా చప్పుడూ మిగులుతాం.

2022 జనవరిలో, సంక్రాంతి సందడి తగ్గిన వారంలో, డిగ్రీ చదివే ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. కొండరెడ్ల అమ్మాయి. దేవీపట్నం పైన గోదావరి ఒడ్డునే వాళ్ళ ఊరట. పోలవరం ముంపు వల్ల ఊరు ఖాళీ అయింది, ఇంటివాళ్ళు పునరావాస కాలనీలో ఉన్నారు, తను హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఈ సంగతులన్నీ నేను అడిగితే చెప్పినవే. తనంతట తాను మాట్లాడే రకం కాదు.

ఆ పిల్లను సంతోషపెడదామని ఒకరోజు బీరువాలోంచి పెద్ద పుస్తకం ఒకటి తీశాను. గోదావరి కొండల మీది తెగల గురించి ఎప్పుడో అచ్చయినది, నిండా ఫొటోలు. "చూడమ్మా, మీవాళ్ళ గురించే" అన్నాను. నా గొంతులో కాస్త గర్వం ఉండి ఉంటుంది.

ఆమె పేజీలు తిప్పుతూ ఒక బొమ్మ దగ్గర ఆగింది. ఒక నడివయసు ఆవిడ గుడిసె ముందు కూర్చుని వెదురు బుట్ట అల్లుతోంది. కింద రెండు వరుసల వివరం ఉంది.

"మాస్టారూ, బుట్టకు పేరు రాశారు. ఫొటో తీసినాయన పేరూ ఉంది. ఈవిడ పేరు లేదు."

ఆ బొమ్మను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఎన్నడూ తట్టలేదు.

"మాలో ఎవరైనా రాసిన పుస్తకం ఉందా?" అని అడిగింది. "ఎందుకు ఉండదమ్మా, వెతికి పెడతాను" అన్నాను. ఆ మాట పూర్తిగా నిలబెట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

డెల్టాలో పుట్టిన నాలాంటివాళ్ళకు కొండలు కొత్తేమీ కాదు. మేము ఏజెన్సీ అని పిలిచే ఆ వైపు నుంచే మాకు చింతపండు, కొండచీపుళ్ళు, కుంకుడుకాయలు, వెదురు దిగుతాయి. వరద రోజుల్లో ఎర్రనీరు, దానితో దుంగలు కొట్టుకొస్తాయి. మా పొలాల్లోని మట్టి కూడా ఆ నీళ్ళు మోసుకొచ్చి పోసిందే. ఇక నేను చూసిన కొండరెడ్లంటారా, పాపికొండలకు వెళ్ళిన లాంచీ పైఅంతస్తులో కుర్చీ వేసుకుని చూసినవాళ్ళే. పేరంటాలపల్లి దగ్గర దిగి, వెదురుతో చేసిన పూలకొమ్మను బేరమాడి కొన్నాను. అది ఇప్పటికీ మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. చేసిన మనిషి పేరు నేనూ అడగలేదు.

వెతుకులాట నా బీరువాలతోనే మొదలైంది. మా దగ్గర పుస్తకాలు డ్యూయీ అనే ఆయన విషయాలవారీగా ఇచ్చిన అంకెల ప్రకారం ఉంటాయి. తెలుగు సాహిత్యానికి 894.827, జానపదానికి 398, సమాజంలోని వర్గాలకు 305. ఆదివాసుల పేరున్న ప్రతి పుస్తకమూ 305లోనో 398లోనో ఉంది. అడవి నేపథ్యంగా మైదానం రచయితలు రాసిన కథలూ నవలలూ మాత్రం 894లో దర్జాగా కూర్చున్నాయి. అంటే వాళ్ళు చెప్పుకున్న కథ జానపదం, వాళ్ళ మీద మనం అల్లిన కథ సాహిత్యం. న్యాయంగా చెప్పాలంటే 398లో మన పేదరాశి పెద్దమ్మ కథలూ ఉన్నాయి కాబట్టి తప్పంతా డ్యూయీది కాదు. కానీ పేదరాశి పెద్దమ్మకు 894లో బోలెడు మంది మనవలున్నారు. ఆ పిల్ల మనుషులకు నా గదిలో ఒక్కరూ లేరు.

కొనుగోళ్ళ జాబితా మాకు పై నుంచి వస్తుంది. అందులో నా విన్నపాలకు చోటు దొరకలేదు. రెండు ఉత్తరాలు రాసి ఊరుకున్నాను. ఆపైన సొంత డబ్బుతో మొదలుపెట్టాను. మా ఇంట్లో ఈ ఖర్చు సంగతి ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

మొదటి పుస్తకం దగ్గరే బోల్తాపడ్డాను. రాజమండ్రిలో పాత పుస్తకాల మధ్య 'ది ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ' కనబడింది. ఫారెస్ట్ కార్టర్ అనే ఆయన 1976లో, తన చిన్ననాటి కథగా ప్రకటించుకుని రాసినది. తల్లిదండ్రులు లేని పిల్లవాడిని అమెరికా మూలవాసులైన చెరోకీ తెగ తాతా అవ్వా కొండల్లో పెంచుతారు. తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటేసరికే కళ్ళు చెమర్చాయి. దొరికింది కదా అని ఆ అమ్మాయికి ఇవ్వడానికి అట్ట కూడా వేశాను. ఇచ్చేముందు రచయిత గురించి నాలుగు మాటలు తెలుసుకుందామని చూస్తే గుండె జారిపోయింది. ఆయన అసలు పేరు ఆసా కార్టర్. చెరోకీ కాదు. తెల్లజాతి ఆధిక్యం కోసం హింసకు దిగిన కూ క్లక్స్ క్లాన్ మనిషి, వర్ణవివక్షను సమర్థించిన అలబామా గవర్నరు జార్జ్ వాలెస్‌కు ఉపన్యాసాలు రాసిపెట్టినవాడు. 1991లో ఆ పుస్తకం మళ్ళీ విపరీతంగా అమ్ముడవుతున్నప్పుడు ఈ సంగతి పత్రికలకెక్కింది. నా కన్నీళ్ళు వెనక్కి రావు కదా. అవి అబద్ధమని కూడా అనలేను, అదే ఎక్కువ బాధ. అట్ట విప్పేసి ఆ పుస్తకాన్ని ఇంట్లోనే ఉంచుకున్నాను.

అప్పటి నుంచి నాకొక అలవాటు పడింది. పుస్తకం తెరవగానే రచయిత తనది ఏ తెగ, ఏ ఊరు అంటున్నాడో చూస్తాను. 'ఆదివాసీ', 'నేటివ్' అన్న గంపగుత్త మాట దగ్గరే ఆగిపోతే అనుమానం. సంతాల్, ఆదీ, కయోవా, వాన్యీ అని తెగ పేరు చెబితే నమ్మకం. ఆ తెగవాళ్ళు కూడా అతడిని తమవాడు అంటున్నారా అనేది మూడో మెట్టు.

ఆ వరుసలో మొదట చేతికందింది హాన్స్‌దా సౌవేంద్ర శేఖర్. సంతాల్, వృత్తిరీత్యా వైద్యుడు. 2015లో వచ్చిన ఆయన కథల సంపుటి 'ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్'ను 2017 ఆగస్టులో జార్ఖండ్ ప్రభుత్వం నిషేధించింది, డిసెంబరులో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఈలోగా ఆయన్ను ప్రభుత్వ వైద్యుడి ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. చివరి కథలో మంగళ్ ముర్ము అనే ముసలి కళాకారుడు ఉంటాడు. విద్యుత్ కర్మాగారానికి శంకుస్థాపన. రాష్ట్రపతి వస్తారు. ఎవరి ఊళ్ళు పోతున్నాయో వాళ్ళ చేతనే ఆ సభలో ఆట ఆడించాలని ఏర్పాటు. మంగళ్ ముర్ము ఆడనంటాడు. మన దగ్గర ఏ పెద్దమనిషి వచ్చినా ముందు కొమ్ము నృత్యం, థింసా పెట్టిస్తాం. తలకు కొమ్ములు కట్టుకున్న ఆ మనుషులు బస్సు దిగి ఎండలో ఎన్ని గంటలు నిలబడ్డారో నేను ఎన్నడూ గడియారం చూడలేదు.

అదే సంపుటిలో మాంసం తినే సంగతి మీద ఒక కథ ఉంది. వడోదరకు బదిలీ అయిన సంతాల్ దంపతులు గుడ్డు వండుకోవాలన్నా కిటికీలు చూసుకోవాల్సి వస్తుంది. పులస ముక్క పొయ్యి మీద పడితే మూడు వీధులకు కబురు చేరే సీమలో పుట్టినవాణ్ణి, ఆ కిటికీలు నాకు ఊపిరాడనివ్వలేదు.

తరవాత నారాయణ్. కేరళలో మల అరయ తెగకు చెందినవాడు, తపాలా శాఖలో పనిచేశాడు. మలయాళంలో 1998లో వచ్చిన ఆయన నవల 'కొచ్చరేత్తి'ని క్యాథరిన్ తంకమ్మ ఇంగ్లీషులోకి తెచ్చారు. తమవాళ్ళను ఇతరులు రాసిన తీరు నచ్చక కలం పట్టిన మనిషి. మిరియాలు పండించే కుటుంబం బరువు తూచే వర్తకుడి దగ్గర ఎలా కరిగిపోతుందో చదువుతుంటే, మా వైపు సంతల్లో చింతపండు తూచిన తక్కెడలు గుర్తొచ్చాయి. ఆ తక్కెడ ఏ చేతిలో ఉండేదో మాకు బాగా తెలుసు.

తెలుగులో వెతకడం తేలిక అనుకున్నాను, కాదు. చిన్న ప్రచురణలు అయిదారు వందల ప్రతులు వేస్తాయి, అవి అయిపోతే రచయితకే ఫోను చేయాలి. మల్లిపురం జగదీశ్ కథల సంపుటి 'శిలకోల' అలాగే చేతులు మారి నా దగ్గరకు వచ్చింది. పార్వతీపురం వైపు కొండల కథలు అవి. రమేశ్ కార్తీక్ నాయక్ కథలు 'ఢావ్లో' ఆ తరవాత. బంజారా తండాలో పుట్టిన కుర్రవాడు, తెలుగు వాక్యంలో తన భాష గోర్‌బోలీ మాటల్ని పొదుగుతాడు. ఆ పుస్తకానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అప్పుడు నేను మిఠాయి పంచితే మా అటెండరు "మీ బంధువా అండీ?" అని అడిగాడు.

అయితే ఆ మిఠాయికి చాలా ముందు, 2022 వేసవిలోనే, నాకు ఒక దెబ్బ తగిలింది. హాన్స్‌దా పుస్తకాన్ని ఆ అమ్మాయికి ఇచ్చాను. వారం తిరగకుండా తెచ్చింది. బాగుందని రెండు కథల పేర్లు చెప్పింది, ఒకటి నచ్చలేదంది. నచ్చలేదనగానే నాకు చివుక్కుమంది. అంత కష్టపడి సంపాదించిన పుస్తకం, ఆమె కోసమే. అంతలో అసలు ప్రశ్న వేసింది.

"మాస్టారూ, మావాళ్ళు రాస్తే అన్నీ ఏడుపు పుస్తకాలేనా? డిటెక్టివ్ నవల ఉండదా? దెయ్యాలవి?"

నేను ఇంతసేపూ వెతికింది సాక్ష్యాలను. ఆమె అడిగింది చదువుకునే పుస్తకం. నేను పదహారేళ్ళ వయసులో అద్దె పుస్తకాల దుకాణం నుంచి డిటెక్టివ్ నవలలు చొక్కాలో దాచుకుని తెచ్చుకున్నవాణ్ణే. ఆ అమ్మాయికి మాత్రం అన్యాయమూ నిర్వాసిత్వమూ తప్ప వేరే రుచి ఉండకూడదని నేనే తీర్మానించాను.

మళ్ళీ మొదటికి వచ్చాను. ఈసారి వెతికితే ఎన్ని దారులు తెరుచుకున్నాయో చెప్పలేను. అదే హాన్స్‌దా పిల్లల కోసం నిప్పు ఊదే వింత జీవి కథ 'జ్వాలా కుమార్' రాశాడని అప్పుడే తెలిసింది. కానీ నన్ను నిజంగా పట్టుకున్నది దెయ్యాల నవలే.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 దగ్గరే ఇస్తారు, ఆ లెక్క మా దగ్గర పిల్లలకూ తెలుసు. లంకలన్నీ మునిగాయి, ఏటిగట్టు మీద రాత్రింబవళ్ళు కాపలా. కరెంటు లేని ఆ రాత్రుల్లో టార్చిలైటు వెలుగులో 'ది ఓన్లీ గుడ్ ఇండియన్స్' చదివాను. స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్, బ్లాక్‌ఫీట్ తెగ, 2020 నవల. నలుగురు స్నేహితులు పెద్దల కోసం కేటాయించిన వేటనేలలోకి దొంగతనంగా వెళ్ళి ఎల్క్ దుప్పుల మందను కాలుస్తారు. అందులో కడుపుతో ఉన్న ఒక ఆడ ఎల్క్ ఉంటుంది. పదేళ్ళ తరవాత అది వాళ్ళను వెతుక్కుంటూ వస్తుంది. బయట గట్టుకు నీళ్ళు తాకుతున్న చప్పుడు. నాకు నిజంగా భయం వేసింది. ఎన్నాళ్ళకో ఒక పుస్తకానికి భయపడ్డాను. ఆ భయంలో ఎక్కడా రచయిత నా చేయి పట్టుకుని తన తెగ ఆచారాలు వివరించలేదు. వాళ్ళు బాస్కెట్‌బాల్ ఆడతారు, అప్పులు చేస్తారు, వెకిలి జోకులు వేసుకుంటారు. చరిత్ర అంతా ఆ పేరులోనే ఉంది. చచ్చిన ఇండియనే మంచి ఇండియన్ అని అమెరికా సైనికుల నోట నానిన సామెతను ఆయన సగానికి కోసి అట్ట మీద పెట్టాడు.

డిటెక్టివ్ నవలా దొరికింది. ఏంజలీన్ బౌలీ 2021లో రాసిన 'ఫైర్‌కీపర్స్ డాటర్'. ఒజిబ్వే తెగ తండ్రి, తెల్లజాతి తల్లి ఉన్న పద్దెనిమిదేళ్ళ డౌనిస్, తన ఊళ్ళోకి మత్తుమందు ఎలా వస్తోందో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తరఫున రహస్యంగా ఆరా తీస్తుంది. ఆ అమ్మాయికి రసాయన శాస్త్రమూ వచ్చు, అవ్వ చెప్పిన మొక్కలూ తెలుసు. కేసు విప్పడానికి రెండూ కావలసి వస్తాయి.

చెరీ డిమలీన్ రాసిన 'ది మారో థీవ్స్' భవిష్యత్తు కథ. మెటీ జాతి రచయిత్రి, కెనడా, 2017. లోకంలో అందరికీ కలలు రావడం ఆగిపోతుంది, మూలవాసులకు మాత్రం వస్తాయి. వాళ్ళ ఎముకల్లోని మూలుగ కోసం వాళ్ళను వేటాడి 'స్కూళ్ళ'కు తరలిస్తారు. కెనడాలో మూలవాసుల పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకుపోయి భాష మరిపించిన బడులు నిజంగానే ఉండేవి కాబట్టి ఆమె ఆ మాటను ఊరికే వాడలేదు. దీని గురించి మాట్లాడుతున్నప్పుడు మా అమ్మాయి, ఈపాటికి అలాగే పిలవడం అలవాటైంది, మామూలుగా అంది: "మా హాస్టల్లో కోయ పిల్లలు లైట్లు ఆర్పాక వాళ్ళ భాషలో మాట్లాడుకునేవారు మాస్టారూ. పగలు ఒక్క మాట వచ్చేది కాదు."

న్యూజిలాండ్ మావోరీ రచయిత్రి ప్యాట్రీషియా గ్రేస్ 'పోటికి' 1986 నాటిది. సముద్రపు ఒడ్డున ఉన్న ఊరిని విహారస్థలంగా మార్చడానికి వచ్చే వ్యాపారిని ఊరివాళ్ళు డాలర్‌మాన్ అని పిలుస్తారు. పుస్తకంలో మావోరీ మాటలకు పక్కన అర్థాలుండవు, చివర పట్టికా ఉండదు. మొదట చిరాకుపడ్డాను. తరవాత అనిపించింది, పంటు, లాకు, దింపు, పుంత అని మేము రాసుకుంటే ఎవరికోసం అర్థాలు పెడతాం? వాళ్ళ ఇంటి పుస్తకంలోకి నేను వెళ్ళాను, వాకిట్లో కాసేపు నిలబడటానికి ఇబ్బంది ఎందుకు?

నాగాలాండ్ రచయిత్రి ఈస్టరీన్ కిరె నవల 'వెన్ ద రివర్ స్లీప్స్' నాకు అన్నిటికంటే దగ్గరైంది. నది నిద్రపోయే ఘడియలో దాని అడుగు నుంచి ఒక రాయిని తీసుకోగలిగితే కోరిక తీరుతుందని విలీ అనే వేటగాడు బయలుదేరతాడు. సముద్రం పక్కన గోదావరి నిద్రపోవడం మేము రోజూ చూస్తాం. పోటుకూ పాటుకూ మధ్య నీళ్ళు ఎటూ కదలకుండా ఆగిపోతాయి, రేవులో పడవ తాడు వదులవుతుంది. నేను ఆ ఘడియలో రేవు మెట్ల మీద కూర్చుని ఆ నవల చివరి పేజీలు చదివాను, కావాలనే.

కథేతరంలో రాబిన్ వాల్ కిమరర్ ఒక్కరి గురించి చెబుతాను. పొటవాటమీ తెగ, వృక్షశాస్త్ర ఆచార్యురాలు, 'బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్' 2013. ఆమె విద్యార్థిని ఒకరు సువాసన గడ్డి మీద ప్రయోగం చేస్తుంది. కోస్తే గడ్డి తగ్గిపోతుందని శాస్త్రజ్ఞులు, పద్ధతిగా కోస్తేనే నిలుస్తుందని బుట్టలల్లే ముసలమ్మలు. చివరికి కోయకుండా వదిలేసిన మడులే పలచబడ్డాయి. మా ఆవిడకు ఇది ఉత్సాహంగా చదివి వినిపిస్తే, "గోంగూర కోస్తేనే చిగురిస్తుందని చెప్పడానికి అంత పుస్తకమా?" అంది. కిమరర్ ఈ మాట వింటే సంతోషించేవారు.

వెతుకుతున్నప్పుడే మరో సందేహం వచ్చి కూర్చుంది. అచ్చులో లేనిదాన్ని ఏ అరలో పెట్టాలి? కోయ డోలీలు పడిగె అనే బొమ్మల గుడ్డను పరిచి తమ పూర్వుల చరిత్రను గంటల తరబడి పాడతారు. సమ్మక్క సారలమ్మల కథను అలా కంఠస్థంగా చెప్పగలిగిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన 2024లో కన్నుమూశారు. ఆయన గ్రంథాలయం ఆయన గొంతే. నా దగ్గర ఉన్నవి పుస్తకాలకు సరిపోయే బీరువాలు మాత్రమే. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

అరల సంగతి మాత్రం తేల్చాను. ఒక ఆదివారం తాళం తీసి, కొన్నవన్నీ సాహిత్యం వరుసలో సర్దాను. విడిగా 'ఆదివాసీ సాహిత్యం' అని చీటీ అంటిద్దామని మొదట అనుకుని, మళ్ళీ మానుకున్నాను. దెయ్యాలది దెయ్యాల పక్కన, కవిత్వం కవిత్వం పక్కన. నెల తరవాత తనిఖీకి వచ్చిన అధికారి అవన్నీ జానపదంలో ఉండాలి కదా అన్నారు. "ఇందులో ఎఫ్‌బీఐ వాళ్ళున్నారండీ" అని బౌలీ పుస్తకం చేతికిచ్చాను. ఆయన అట్ట అటూ ఇటూ తిప్పి చూసి సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

మా అమ్మాయి ఇప్పుడు రాజమండ్రిలో బీఈడీ చేస్తోంది. పోయిన దసరాకు వచ్చినప్పుడు ఎల్క్ నవల తిరిగి ఇచ్చింది. చివర సాగదీశాడంది. నేను ఒప్పుకోలేదు. అరగంట వాదించుకున్నాం, పేపరు చదివేవాళ్ళు రెండుసార్లు మమ్మల్ని కసిరారు. వెళ్ళేముందు ఆ పాత ఫొటోల పుస్తకం అడిగింది. అది ఇంటికి ఇచ్చేది కాదు, అక్కడే చూసుకోవాలి. ఆ బుట్ట అల్లే ఆవిడ బొమ్మను ఫోనులో తీసుకుంది. కాలనీలో ముసలివాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, చూపిస్తానంది. ఇంకా ఫోను రాలేదు.